టాస్ తీసేసి వేలం పెడితే ఎలా ఉంటుంది? (మీరైతే ఏ రూల్ మారుస్తారు)

గూగ్లీ_గోవిందు
నిన్న రాత్రి మా ఆదివారం లీగ్‌లో మళ్ళీ ఓడిపోయాం, ఆ కడుపుమంటతోనే రాస్తున్నా, ముందే చెప్పేస్తున్నా. మాది చెరువు పక్క గ్రౌండ్. సాయంత్రం ఆరున్నరకి మొదలుపెడితే రెండో ఇన్నింగ్స్ వచ్చేసరికి మంచు దిగిపోయి బంతి సబ్బుబిళ్ళ అయిపోద్ది. నేను లెగ్‌స్పిన్నర్ని, బంతి తుడిచీ తుడిచీ చివరికి తువ్వాలు పిండుకోవాల్సి వచ్చింది. టాస్ గెలిచినోడు ఆలోచించకుండా ఫీల్డింగ్ అంటాడు, సగం మ్యాచ్ అక్కడే అయిపోద్ది. ఈ సీజన్లో వరసగా ఐదు టాస్‌లు ఓడాను, అందులో నాలుగు మ్యాచ్‌లు పోయాయి.

నా ఐడియా ఏంటంటే, మా తాతల కాలంలో అన్నదమ్ములు పొలం పంచుకునేటప్పుడు పెద్దోడు వాటాలు వేసేవాడు, చిన్నోడు ముందు కోరుకునేవాడు. బావి ఉన్న వాటా, రాళ్ళున్న వాటా అని వేస్తే బావి తమ్ముడు పట్టుకుపోతాడు కాబట్టి పెద్దోడు చచ్చినట్టు సమానంగా వేసేవాడు. టాస్‌కి బదులు అదే పెడదాం. ఒక కెప్టెన్ రేటు చెప్తాడు, "ముందు బ్యాటింగ్ చేసేవాళ్ళకి 12 పరుగులు ఎదురు" అని, అంటే వాళ్ళ స్కోర్‌కి ఆ 12 అదనంగా కలుస్తాయి. రెండో కెప్టెన్ ఆ 12 తీసుకుని బ్యాటింగ్‌కి దిగుతాడా, వద్దులే మేం చేజ్ చేస్తాం అంటాడా అతనిష్టం. మంచు బాగా పడే రోజు రేటు 20 పలుకుద్ది, పగటి మ్యాచ్ అయితే 2 పలుకుద్ది. ఎవడూ నాణేన్ని తిట్టుకోక్కర్లా.

ఇందులో లోపం ఎక్కడుందో చెప్పండి. మీకు ఛాన్సిస్తే ఏ రూల్ మారుస్తారో కూడా రాయండి, ఎలాగూ టాపిక్ పక్కదారి పడుతుంది కదా.

బెజవాడ_బౌన్సర్
ఐదు టాస్‌లు ఓడి నాలుగు మ్యాచ్‌లు ఓడావ్ సరే, ఆ ఐదోది ఎలా గెలిచావో అది చెప్పు ముందు

గూగ్లీ_గోవిందు
ఆ రోజు వాళ్ళ ఓపెనర్లిద్దరూ పెళ్ళికెళ్ళారు

విశాఖ_వైడ్‌బాల్
ఐదుకే ఇంత ఏడుపా. మన ఇండియా వన్డేల్లో వరసగా 20 టాస్‌లు ఓడింది, 2023 వరల్డ్ కప్ ఫైనల్‌తో మొదలైన శని అది. వదిలింది మా ఊళ్ళోనే, 2025 డిసెంబర్ 6న సౌతాఫ్రికా మీద. మన కెప్టెన్ కేఎల్ రాహుల్ ఎడం చేత్తో నాణెం ఎగరేశాడు, గెలిచాడు, మా ఇంట్లో టీవీ ముందు మేం సెంచరీ కొట్టినట్టు అరిచాం. ముందు ఫీల్డింగ్, తర్వాత 9 వికెట్లతో గెలుపు. దానికి మూడు రోజుల ముందు రాయ్‌పూర్‌లో 358 కొట్టి కూడా ఓడిపోయాం, బౌలర్లకి బంతి చేతిలో నిలబడితేగా. గోవిందు బాధ నాకు అర్థమైంది.

లెక్కల_మాస్టారు
20 టాస్‌లు వరసగా ఓడటానికి అవకాశం 10,48,576లో ఒకటి. రెండుని ఇరవై సార్లు హెచ్చవేసి చూసుకోండి. అయితే ఇన్ని టీమ్‌లు ఇన్నేళ్ళుగా ఆడుతుంటే ఎప్పుడో ఒకసారి ఎవరికో ఒకరికి ఇలాంటిది తగలడం మరీ అంత వింతేం కాదు.

గోవిందు చెప్పిన పద్ధతి లెక్క ప్రకారం కరెక్టే. కాకపోతే కోరుకునేవాడికి చిన్న లాభం ఉంటుంది, ఎందుకంటే రేటు చెప్పేవాడు పొరపాటు పడితే ఆ పొరపాటు అవతలివాడి సొత్తు. మరి రేటు ఎవడు చెప్పాలో తేల్చడానికి మళ్ళీ టాస్ వేస్తారా?

బెజవాడ_బౌన్సర్
మాస్టారూ 😂 టాస్ తీసేయడానికి టాస్

గూగ్లీ_గోవిందు
వంతులు పెట్టుకుంటాం. ఈ మ్యాచ్‌కి నేను, మళ్ళీ కలిసినప్పుడు మీరు. ఇద్దరూ ఒకేసారి చీటీ రాసి ఇచ్చినా సరిపోద్ది, ముందు బ్యాటింగ్‌కి ఎవడు తక్కువ ఎదురు అడిగితే వాడికే బ్యాటింగ్, అడిగినన్ని పరుగులు.

సిల్లీపాయింట్_శేషు
ఒక్కమాట. టాస్ అన్యాయం అంటున్నారు, మరి వర్షం? మధ్యాహ్నం మబ్బు పట్టి బంతి స్వింగ్ అవడం? ఎల్బీ నుంచి బతికిపోయినవాడు తర్వాత 150 కొట్టడం? అదృష్టం మొత్తం కడిగేస్తే మిగిలేది చదరంగం, అది ఆడుకోండి వెళ్ళి. కెప్టెన్లు మధ్యలోకి నడుచుకుంటూ వెళ్ళి నాణెం ఎగరేసే ఆ రెండు నిమిషాలు నాకిష్టం. దాన్ని రైతుబజార్ బేరం చేయకండి.

ఓరుగల్లు_ఆఫ్‌స్పిన్
శేషన్నా, నీకు ఇష్టం ఉండొచ్చు గానీ 2021 టీ20 వరల్డ్ కప్ యాద్ చేస్కో. దుబాయ్‌ల టాస్ ఓడినం, పాకిస్తాన్ 10 వికెట్లతోని కొట్టింది. వారం తర్వాత గదే గ్రౌండ్‌ల మళ్ళ టాస్ ఓడినం, న్యూజిలాండ్ 8 వికెట్లతోని కొట్టింది. గంతే, ఇంటికొచ్చినం. మనం బాగ ఆడలే నిజమే, కానీ రెండుసార్లు గూడ మంచుల బంతి పట్టుకున్నది మనోళ్ళే గదా. గిది చదరంగం కాదు, లాటరీ.

సిల్లీపాయింట్_శేషు
10 వికెట్లతో ఓడటం మంచు తప్పా? 12 పరుగులు ఎదురిచ్చినా ఓడేవాళ్ళమే.

ఓరుగల్లు_ఆఫ్‌స్పిన్
గది గూడ నిజమే తియ్

లెస్టర్_తమ్ముడు
ఇక్కడ ఇంగ్లండ్ కౌంటీల్లో 2016 నుంచి నాలుగు సీజన్లు ఒక ప్రయోగం చేశారు. వచ్చిన టీమ్‌కి ముందు బౌలింగ్ కావాలంటే టాస్ అక్కర్లేదు, నేరుగా తీసుకోవచ్చు. వద్దంటేనే టాస్. సొంత గ్రౌండ్ వాళ్ళు పచ్చగడ్డి పిచ్‌లు వేసి మీడియం పేసర్లతో మూడు రోజుల్లో ముగించేస్తున్నారని, స్పిన్నర్లకి పనే లేకుండా పోతోందని పెట్టారు. తర్వాత మళ్ళీ మామూలు టాస్‌కే వచ్చేశారు. నా లెక్కలో టెస్టులకి అదే బెస్ట్, పిచ్ తయారుచేసేది మీరు, ఎంపిక మాది. గోవిందు పొలం పంపకం కూడా అదేగా.

మిడాన్_మూర్తి
పెద్దాణ్ణి, ఒకటి చెప్తా. క్రికెట్‌లో రూల్ మారాలంటే ముందు ఎవడో ఒకడు మునగాలి. 1992 సిడ్నీ సెమీస్‌లో సౌతాఫ్రికాకి 13 బంతుల్లో 22 కావాలి, వాన పడి లేచేసరికి బోర్డు మీద 1 బంతికి 22. మా వీధిలో రెండే టీవీలు, అందరం నోరెళ్ళబెట్టాం, బోర్డు పాడైందేమో అనుకున్నాం. అప్పుడు కదా ఆ వాన రూల్‌ని పారేసి, వాన పడితే టార్గెట్‌ని మళ్ళీ లెక్కగట్టే డక్‌వర్త్ లూయిస్ దాకా వచ్చారు. 1981లో మెల్‌బోర్న్‌లో ట్రెవర్ చాపెల్ ఆఖరి బంతి నేల మీద దొర్లించాకే అండర్ఆర్మ్ ఆపారు. 2019 లార్డ్స్ ఫైనల్‌లో స్కోర్లు సమానం, సూపర్ ఓవర్ కూడా సమానం, ఫోర్లూ సిక్సులూ 26-17 అని లెక్కపెట్టి ఇంగ్లండ్‌కి కప్పిచ్చారు, మూడు నెలలకే ఆ రూల్ తీసేశారు. న్యూజిలాండ్ వాళ్ళకి ఒరిగిందేముంది?

కాబట్టి గోవిందూ, ఏదో ఒక వరల్డ్ కప్ ఫైనల్ పూర్తిగా మంచులో కొట్టుకుపోయేదాకా నీ వేలాన్ని ఎవడూ పట్టించుకోడు.

కవర్‌డ్రైవ్_కవిత
మూర్తి గారి లిస్టులో నాన్‌స్ట్రైకర్ రనౌట్ కలపాలి, అదే, బంతి వేయకముందే క్రీజు దాటిన అవతలి ఎండ్ బ్యాటర్ని బౌలర్ ఔట్ చేయడం. 1947లో వినూ మన్కడ్ చేసినప్పట్నుంచి గొడవే. 2022 లార్డ్స్‌లో దీప్తి శర్మ ఇంగ్లండ్ అమ్మాయి చార్లీ డీన్‌ని అలా ఔట్ చేస్తే ఎన్ని తిట్లు! నేను యూనివర్సిటీకి ఆడేటప్పుడు ఒకమ్మాయి ప్రతి బంతికీ రెండడుగులు ముందే బయల్దేరుతుంటే రెండుసార్లు చెప్పి మూడోసారి బెయిల్స్ లేపేశా. మ్యాచ్ అయ్యాక నాతో ఎవరూ భోజనం కూడా చేయలేదు, మా టీమ్ వాళ్ళతో సహా. ఆ 2022లోనే ఆ రూల్‌ని అన్‌ఫెయిర్ ప్లే పేజీలోంచి తీసి మామూలు రనౌట్ పేజీలో పెట్టారు, అయినా జనం చూపు మారలేదు.

నా ప్రపోజల్: ఔట్ ఉండనివ్వండి, దాంతోపాటు ముందే బయల్దేరితే ఆ బంతికి తీసిన పరుగుల్లో ఒకటి కోత. ఫ్రంట్ ఫుట్ నోబాల్ టీవీ అంపైర్ చూస్తున్నాడుగా, పనిలోపనిగా ఇదీ చూస్తాడు. బౌలర్‌కి చెడ్డపేరు రాదు.

సిల్లీపాయింట్_శేషు
కవిత గారూ ఇది మాత్రం బాగుంది. షార్ట్ రన్ లాగానే. సంతకం ఎక్కడ పెట్టాలి.

బెజవాడ_బౌన్సర్
శేషు ఒప్పుకున్నాడు, ఈ రోజు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి

ఉప్పల్_ఎండలో
మీరందరూ చిన్న చిన్న జబ్బులకి మందులు రాస్తున్నారు, అసలు రోగం బౌలర్లని చంపేయడం. 2024 మార్చి 27న ఉప్పల్ స్టేడియంలో ఉన్నా నేను. సన్‌రైజర్స్ 277, ముంబై 246, కలిపి 523 పరుగులు, 38 సిక్సులు. ఇంటికొచ్చాక అందరూ అదృష్టవంతుడివి అన్నారు. నిజం చెప్పనా, నా పక్క సీటాయన మొదట్లో ప్రతి సిక్స్‌కీ లేచి డాన్స్ చేశాడు, ముంబై బ్యాటింగ్ సగంలోకి వచ్చేసరికి సిక్స్ పడుతుంటే తల కూడా ఎత్తకుండా పాప్‌కార్న్ తింటున్నాడు. పెళ్ళిలో పదో స్వీటు వడ్డిస్తే ఎలా ఉంటుందో అలా. ఐపీఎల్‌లో మ్యాచ్ మధ్యలో ఒక ఆటగాణ్ణి మార్చుకునే ఇంపాక్ట్ ప్లేయర్ రూల్ వచ్చాక ఎనిమిదో నంబర్‌లో కూడా బ్యాటరే, ఎవడికీ వికెట్ పోతుందన్న భయం లేదు. రోహిత్ శర్మే తనకి ఈ రూల్ నచ్చలేదని బయటికి చెప్పాడు. ఆల్‌రౌండర్ అనే జాతి అంతరించిపోద్ది ఇలాగైతే.

నా రూల్ ఒక్కటే. బ్యాటర్ 20 ఓవర్లూ ఆడొచ్చు, బుమ్రా మాత్రం నాలుగే ఎందుకు వేయాలి? తన నాలుగు ఓవర్లలో రెండు వికెట్లు తీసిన బౌలర్‌కి ఐదో ఓవర్, మూడు తీస్తే ఆరోది. సంపాదించుకున్న ఓవర్లు.

ఓరుగల్లు_ఆఫ్‌స్పిన్
అన్నా జబర్దస్త్. బ్యాటర్ గూడ ఆ రెండో వికెట్ ఇయ్యొద్దని జాగ్రత్తగ ఆడ్తడు, మస్తు మజా ఉంటది.

స్కోరర్_సత్తిబాబు
మా లీగుల్లో మాత్రం పెట్టకండి బాబూ. బంతులు కొనేది ఎవరో వాళ్ళబ్బాయే ఆరు ఓవర్లూ వేస్తాడు. వికెట్లు పడకపోయినా పడ్డాయని రాయమంటారు, నా మీద పడతారు.

డల్లాస్_డకౌట్
ఇంపాక్ట్ ప్లేయర్ కొత్తేం కాదు, 2005లో వన్డేల్లో సూపర్‌సబ్ అని పెట్టారు, కొన్ని నెలలకే ఎత్తేశారు. టాస్‌కి ముందే పేరు ఇవ్వాలి, టాస్ ఓడితే ఆ సబ్ వల్ల ఉపయోగం ఉండేది కాదు. చూశారా గోవిందు, మళ్ళీ టాసే.

నా కంప్లైంట్ టైమ్ వేస్ట్ మీద. ఓవర్ల మధ్య టైమ్ లెక్కపెట్టే స్టాప్‌క్లాక్ మంచి పని అనేవాణ్ణి, మా యూఎస్ఏకి తగిలేదాకా. 2024 టీ20 వరల్డ్ కప్‌లో న్యూయార్క్‌లో ఇండియాతో మ్యాచ్, ఓవర్‌కీ ఓవర్‌కీ మధ్య 60 సెకన్లు మూడోసారి దాటాం, 5 పరుగులు ఇచ్చేశారు. 30 బంతుల్లో 35 కావాల్సింది 30 అయింది. నేను నీలం జెర్సీ వేసుకుని ఏ టీమ్‌కి అరవాలో తెలీక అప్పటిదాకా నలిగిపోతున్నా, ఆ 5 పరుగులతో మనసు తేలిపోయింది, యూఎస్ఏకే బాధేసింది.

బెజవాడ_బౌన్సర్
గ్రీన్‌కార్డ్ వచ్చిందని ఇలా చెప్తున్నావా

డల్లాస్_డకౌట్
ఆ క్యూ కంటే టెస్ట్ మ్యాచ్ నయం భయ్యా

లెక్కల_మాస్టారు
లెగ్ బైలు ఎవరూ ఎత్తలేదేం? బౌలర్ బ్యాటర్‌ని బోల్తా కొట్టించాడు, బంతి ప్యాడ్‌కి తగిలి ఫైన్ లెగ్‌కి పోయింది, నాలుగు పరుగులు. తప్పు చేసినవాడికి బహుమానం. షాట్ ఆడే ప్రయత్నం చేయాలనో, దెబ్బ తప్పించుకుంటూ ఉండాలనో షరతు ఉందిగానీ దాన్ని చూసేదెవరు. తీసేస్తే సరి, డెడ్ బాల్.

సిల్లీపాయింట్_శేషు
మరి బ్యాట్ ఎడ్జ్ తగిలి స్లిప్ మీదుగా ఫోర్ పోతే? అదీ బోల్తా పడటమేగా. అదీ తీసేయండి.

లెక్కల_మాస్టారు
ఎడ్జ్‌కి క్యాచ్ ఇచ్చే ప్రమాదం ఉంది. ప్యాడ్‌కి ఏముంది?

సిల్లీపాయింట్_శేషు
ఎల్బీడబ్ల్యూ అని ఒకటుంది మాస్టారూ 🙂

లెక్కల_మాస్టారు
... సరే, ఈ రౌండ్ నీది.

విశాఖ_వైడ్‌బాల్
గాయాల సంగతి కూడా చూడాలి. 2023 రంజీ క్వార్టర్స్‌లో ఇండోర్‌లో మన ఆంధ్రా కెప్టెన్ హనుమ విహారి, చెయ్యి విరిగాక కుడిచేతి బ్యాటర్ కాస్తా ఎడంచేతి వాటంగా నిలబడి ఒంటి చేత్తో ఆడాడు. మొన్న 2025 ఓవల్‌ టెస్టులో ఇంగ్లండ్ ఆటగాడు వోక్స్ భుజం జారిపోయి చెయ్యి స్వెటర్‌లో దాచుకుని దిగాడు, మనం 6 పరుగులతో గెలిచాం, సిరాజ్ చివరి వికెట్ తీశాడు. చూసేవాళ్ళకి వీరగాథే గానీ పదకొండు మందితో పది మంది ఆడటం న్యాయమా? కంకషన్‌కి (తలకి దెబ్బ తగిలితే) సబ్ ఇస్తున్నప్పుడు ఎముక విరిగితే ఎందుకివ్వరు? మన బోర్డు 2025-26 నుంచి రంజీల్లాంటి నాలుగైదు రోజుల మ్యాచ్‌ల్లో ఇస్తోంది, అన్నిచోట్లా పెట్టాలి.

బెజవాడ_బౌన్సర్
పెడితే ఏమవుద్దో 2025 జనవరిలో పుణెలో చూశాం. దూబే తలకి దెబ్బ, బదులుగా హర్షిత్ రాణా, మూడు వికెట్లు. బ్యాటింగే ప్రధానమైన దూబేకి బదులు 145 కిలోమీటర్ల బౌలరా అని ఇంగ్లండ్ వాళ్ళు లబోదిబో. మనం గెలిచాం కాబట్టి నోరు మూసుకున్నాం, వాళ్ళు చేసి ఉంటే ఈపాటికి ఇక్కడ 400 పోస్టులు.

కవర్‌డ్రైవ్_కవిత
ఇది నిజం. కంకషన్‌కి 2025లో ఐసీసీ పెట్టినట్టే గాయాలకీ సబ్ ఎవరో మ్యాచ్‌కి ముందే రాసివ్వాలి, బ్యాటర్‌కి బ్యాటర్, కీపర్‌కి కీపర్, స్పిన్నర్‌కి స్పిన్నర్. అప్పుడు నాటకాలు తగ్గుతాయి.

గోదారి_గుగ్గిలం
అయ్యా ఇంత సీరియస్‌గా కొట్టుకుంటున్నారు, మా చిన్నప్పటి రూల్స్ ముందు ఐసీసీ ఎంతండీ. రిటైర్డ్ హెడ్మాస్టారి కాంపౌండ్‌లో పడితే ఔట్, కొట్టినోడే వెళ్ళి తెచ్చుకోవాలి. కరెంటు వైరు తగిలితే డెడ్ బాల్. గేదె అడ్డొస్తే మళ్ళీ బౌలింగు. వరసగా వైడ్లు వేస్తే బేబీ ఓవర్, మిగతా బంతులు ఇంకోడు వేస్తాడు. జనం బేసిగా ఉంటే ఒకడు రెండు టీముల్లోనూ ఆడేవాడు. బ్యాటింగ్ టీమే అంపైరింగ్, అదొక్కటే అన్యాయం, మిగతావన్నీ న్యాయమేనండీ ఆయ్.

గోవిందు గారూ మీ వేలం పద్ధతి మంచిదే గానీ మంచు పడుద్దో లేదో ముందు తెలియాలి కదండీ రేటు చెప్పడానికి. మాకు వరి ఉంది కాబట్టి చెప్తున్నా, ఆకాశం తేటగా చుక్కలు మిలమిలా ఉండి గాలి లేకపోతే మంచు దంచేస్తది. మబ్బు కమ్మినా, గాలి కదిలినా ఉండదు. నాణెం కాదు, ఆకాశం చూడ్డం నేర్చుకోండి.

గూగ్లీ_గోవిందు
నోట్ చేసుకున్నా గురువుగారూ. అవతలి కెప్టెన్‌ని అడిగా, నవ్వి సరేలే అన్నాడు. ఈ ఆదివారం టాస్ లేదు. రేటు నేను చెప్తా, అతను కోరుకుంటాడు.

స్కోరర్_సత్తిబాబు
ఆ మ్యాచ్‌కి పుస్తకం నా చేతిలోనే ఉంటది. ఎదురు పరుగులు ఎక్కడ రాయాలి? ఎక్స్‌ట్రాల్లో పెనాల్టీ గడిలో రాస్తా. నెట్ రన్‌రేట్‌లో కలపను, ఇప్పుడే చెప్తున్నా, తర్వాత ఫోన్లు చేయొద్దు.

సిల్లీపాయింట్_శేషు
ఫలితం ఏదైనా ఇక్కడ రాయాలి, ఓడితే టాపిక్ డిలీట్ చేసి పారిపోకూడదు.

(తర్వాతి సోమవారం)

గూగ్లీ_గోవిందు
రాస్తున్నా. మొన్న వారమంతా మంచు దంచింది కదా అని రేటు 14 చెప్పా. అవతలి కెప్టెన్ ఓ నిమిషం పైకి చూశాడు, కిందకి చూశాడు, "బ్యాటింగ్ మాదే" అన్నాడు. 131 కొట్టారు, ఎదురుతో కలిపి 145. మాది 8 వికెట్లకి 138. 7 పరుగులతో ఓడిపోయాం.

ఓరుగల్లు_ఆఫ్‌స్పిన్
గంటే ఎదురు లేకుంటే గెల్శేటోనివి 😭

గోదారి_గుగ్గిలం
మంచు పడిందాండీ?

గూగ్లీ_గోవిందు
ఏడున్నరకల్లా మబ్బు పట్టింది. చుక్క మంచు లేదు. నేను ముందు ఫీల్డింగ్‌లో కూడా పొడి బంతితోనే వేశా, 2 వికెట్లు.

గోదారి_గుగ్గిలం
చెప్పానా లేదా

బెజవాడ_బౌన్సర్
టాస్ వేసి ఐదుసార్లు ఓడావ్, ఇప్పుడు టాస్ వేయకుండా కూడా ఓడిపోయావ్. మనిషివి కాదు నువ్వు

లెక్కల_మాస్టారు
నేను ముందే అన్నా, రేటు చెప్పేవాడి పొరపాటు అవతలివాడి సొత్తు. మబ్బు చూసి 4 చెప్పి ఉంటే అతను ఏం కోరుకునేవాడో.

గూగ్లీ_గోవిందు
మా కీపర్ కూడా అదే అంటూ రాత్రంతా గ్రూపులో తిడుతున్నాడు మాస్టారూ, 14 ఎవడు చెప్పమన్నాడ్రా అని. ఇదివరకు ఓడితే అందరం కలిసి నాణేన్ని తిట్టేవాళ్ళం.

సిల్లీపాయింట్_శేషు
అందుకే నాణెం ఉండాలన్నా

గూగ్లీ_గోవిందు
లేదు, మళ్ళీ వాళ్ళతో ఆడేటప్పుడు రేటు చెప్పే వంతు వాళ్ళది. గుగ్గిలం గారూ, ఆ రోజు సాయంత్రం ఫోన్ ఎత్తుతారా?

స్కోరర్_సత్తిబాబు
అవన్నీ తర్వాత. నిన్నటి బంతి డబ్బులు మీ టీమ్ వాటా ఇంకా రాలేదు గోవిందూ.